మిలేటస్ వెళ్ళబోయి తిరువూరు

నిజానికి నేను వెళ్ళాల్సిన ఊరు మిలేటస్. ఇప్పుడది టర్కీ దేశంలో ఉంది. రెండువేల ఆరువందల ఏళ్ళ కిందట అక్కడ గ్రీకులు ఉండేవాళ్ళు. ఆ ఒక్క ఊళ్ళోనే వరసగా ముగ్గురు మనుషులు పుట్టి, ఈ ప్రపంచమంతా మొదట దేన్లోంచి వచ్చిందో దేవుళ్ళ కథలు పక్కనబెట్టి ఆలోచించారు. థేలీస్ నీళ్ళలోంచి అన్నాడు. అనాక్సిమాండర్ హద్దూ ఆకారమూ లేని ఏదో ఒకదాన్లోంచి అన్నాడు. అనాక్సిమెనీస్ గాలిలోంచి అన్నాడు. బందరులో ఒక కాలేజీలో ముప్పై నాలుగేళ్ళు తత్వశాస్త్రం చెప్పి నేను బతికింది ఈ ముగ్గురి పుణ్యానే. రిటైరయ్యాక వాళ్ళ ఊరు ఒక్కసారి చూసి రావాలని కోరిక పుట్టింది. మోకాళ్ళ డాక్టరు వద్దన్నాడు. మా ఆవిడ అంతకంటే గట్టిగా వద్దంది.

“రాళ్ళు చూడ్డానికి విమానమెక్కి అంతదూరం ఎందుకండీ? మా అక్కావాళ్ళ ఊరి చుట్టూ కావలసినన్ని రాళ్ళు,” అంది.

ఆ అక్కావాళ్ళ ఊరే తిరువూరు. మా ఆవిడ అక్కయ్య భర్త కోటేశ్వరరావుగారు, అంటే నా తోడల్లుడు, అక్కడ నూనె మిల్లూ దాని ముందర ఒక కొట్టూ నడుపుతాడు. నాకంటే ఆరేళ్ళు పెద్ద, నోరు ఇరవయ్యేళ్ళు పెద్ద. ఆయన్ని నేను అన్నయ్యగారూ అంటాను, ఆయన నన్ను తమ్ముడూ అంటాడు. మా అత్తగారికి కొడుకుల్లేరు గనక పదకొండేళ్ళుగా పెద్దకూతురి దగ్గరే ఉంటోంది. ఆవిడకి ఎనభై నాలుగు. కళ్ళజోడు లేకుండా బియ్యంలో రాళ్ళు ఏరుతుంది.

ఈ వేసవిలో ఒకరోజు అన్నయ్యగారు ఫోన్ చేశాడు.

“తమ్ముడూ, నిన్న ఎవరో చుట్టాలొచ్చి, మీ అల్లుళ్ళేం చేస్తారండీ అని అత్తయ్యగార్ని అడిగారు. పెద్దాయనకి నూనె మిల్లండీ అంది. చిన్నాయనో అన్నారు. ఆవిడ చాలాసేపు ఆలోచించి, ఆయన ఏదో చెబుతుంటారండీ, అంది.”

చెప్పి ఆయన నవ్విన నవ్వుకి ఫోన్ చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగం ‘ఏదో చెబుతుంటారు’ అయిపోయిందా? ఆ మంటలో నోరు జారాను.

“మూడు రోజుల్లో అత్తయ్యగారికి అర్థమయ్యేట్టు చెబుతాను. ఆవిడ తన నోటితో ‘అర్థమైంది’ అనకపోతే నా పుస్తకం మీ కొట్లో పొట్లాలకి వాడుకోండి.”

పుస్తకమంటే అచ్చయింది కాదు. ఆ ముగ్గురి మీదా ఆరేళ్ళపాటు నా చేత్తో రాసుకున్న రెండువందల పన్నెండు పేజీలు. రెండో కాపీ లేదు. అవతల ఆయన ఏ మాత్రం జంకలేదు.

“ఒకవైపే రాశావా, రెండువైపులా రాశావా?” అని మాత్రం అడిగాడు.

ఫోన్ పెట్టేశాక గాని అసలు సంగతి గుర్తుకు రాలేదు. మా అత్తగారు నాతో మాట్లాడదు. కోపంతో కాదు, మర్యాదకి. వాళ్ళ కాలంలో అత్తగారు అల్లుడి ఎదటపడి మాట్లాడకూడదు. తలుపు చాటున నిలబడి కూతురితో, “ఆయన కాఫీ తాగుతారేమో అడగవే,” అంటుంది. ఆయన అక్కడే ఉంటాడు, ఆయనకి వినపడుతూనే ఉంటుంది, అయినా కూతురు మళ్ళీ అడగాలి. మిగతా ఇళ్ళల్లో ఈ పద్ధతి ఎప్పుడో పోయింది. మా అత్తగారి దగ్గర పోలేదు. నా పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళు, ఒక్క మాట సూటిగా అన్లేదు. అన్నయ్యగారి పెళ్ళయి నలభై నాలుగేళ్ళు, ఒకే కప్పు కింద ఉంటూ ఆయనతోనూ అన్లేదు.

ఇలాంటావిడ నోటివెంట అర్థమైందనిపించాలి. “పందెం కాసింది మీరు, మీరే వెళ్ళండి,” అని మా ఆవిడ నా సంచీ సర్ది గుమ్మం దాకా వచ్చి పంపింది.

నూజివీడు బస్సులో

బెజవాడ బస్టాండులో తొందరపడి తిరువూరు బస్సనుకుని నూజివీడు మీదుగా విస్సన్నపేట దాకా వెళ్ళే బస్సెక్కాను. కండక్టరు టికెట్టు కొడుతూ, “ఏం కాదు సార్, విస్సన్నపేటలో దిగితే ఆటోలుంటాయి,” అన్నాడు. తప్పు బస్సెక్కినవాళ్ళని ఆయన రోజుకి ఎంతమందిని చూస్తాడో, గొంతులో బోలెడంత దయ ఉంది.

నా పక్కన ఒక రైతు కూర్చున్నాడు. తెల్లపంచె, భుజం మీద తువ్వాలు, చేతిలో పెద్ద ఫోను. నేను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్న కాగితాల కట్ట వైపు నూజివీడు దాకా ఓపిగ్గా చూసి, ఇక ఉండబట్టలేక అడిగాడు.

“ఎన్నెకరాలండీ?”

కాగితాలు ఒళ్ళో పెట్టుకుని ఆ రోడ్డున వెళ్ళే ముసలాయన ఎవరైనా పొలం తగాదా మీదే వెళుతుంటాడట. కాదండీ, పుస్తకం, అన్నాను. ప్రపంచం దేన్లోంచి పుట్టిందో రాశానన్నాను. ఆయన సానుభూతిగా తలూపాడు.

“పొలం గొడవలు బయటికి చెప్పుకోలేం లెండి. మా బావమరిదిదీ ఇంతే. పాస్ పుస్తకంలో పేరు ఎక్కిందో లేదో ముందు చూసుకోండి,” అని ధైర్యం చెప్పి దిగిపోయాడు.

విస్సన్నపేట

విస్సన్నపేటలో దిగేటప్పటికి పదకొండు. మా బందరులో ఎండ చెమటై కారుతుంది, ఇక్కడ ఎండ చెమట పట్టకముందే ఆరబెట్టేస్తుంది. సెంటర్లో బండి దగ్గర పునుగులు ప్లేటు ముప్పై రూపాయలు, చట్నీ ఎన్నిసార్లయినా. బందరులో ఆ డబ్బుకి ఆరు పునుగులిస్తారు, ఇక్కడ ఎనిమిది. బండి ఆయన ఎనిమిదో పునుగు వేస్తూ, “బయటూరి వాళ్ళు గదండీ,” అన్నాడు. మా ఊళ్ళో బయటూరి వాళ్ళకి ఒకటి తగ్గిస్తారు. ఈ సంగతి ఇక్కడ రాయడానికి సిగ్గుగానే ఉంది.

తిరువూరు షేర్ ఆటోలో ఏడుగురు పట్టేచోట పదకొండుమందిమి కూర్చున్నాం. నా ఒక కాలు ఎవరి సంచీ మీదుందో తెలియలేదు. డ్రైవరు పాతికేళ్ళ మనిషి, అద్దంలోంచి నన్ను చూసి పలకరించాడు.

“మీ ఊళ్ళో ఎన్నడుగులకి పడుతున్నాయి సార్ నీళ్ళు?”

మెట్టప్రాంతంలో క్షేమసమాచారం ఇలా అడుగుతారు. బందరులో నాలుగడుగులు తవ్వితే పడతాయి గాని ఉప్పునీళ్ళని చెప్పాను. ఆటో అంతా అయ్యో అంది. తమ ఇంటి బోరు నాలుగొందలు దాటిందని ఒకామె, ఐదొందలు వేసినా దుమ్మే వచ్చిందని ఇంకొకాయన చెప్పుకొచ్చారు. థేలీస్ సముద్రపు ఒడ్డున పుట్టాడు కాబట్టి అంతా నీళ్ళే అనగలిగాడనీ, ఈ ఆటోలో ఎక్కి ఉంటే ఆ సాహసం చేసేవాడు కాదనీ నాకు మొదటిసారి అనిపించింది. పుస్తకంలో ఈ మాట లేదు. మార్జిన్లో రాసుకుందామంటే చెయ్యి బయటికి తీసే చోటు లేదు.

తిరువూరు, మొదటి సాయంత్రం

అన్నయ్యగారి ఇల్లు మిల్లు వెనకే. వీధిలోకి అడుగుపెట్టగానే నువ్వుల నూనె వాసన, తిరిగొచ్చి వారమైనా నా చొక్కాల్లోంచి పోలేదు. గుమ్మంలోనే గుమాస్తా సాంబయ్య ఎదురొచ్చి సంచీ అందుకున్నాడు. కట్టలోంచి ఒక కాగితం అంచుని రెండు వేళ్ళతో నలిపి చూసి, “మందంగా ఉందండీ. కారప్పొడికి కూడా పనికొస్తుంది,” అన్నాడు యజమానితో. నేను కట్ట లాక్కున్నాను.

మర్యాదలకి లోటు లేదు. పెసరట్టు, దాంతో ఉప్మా, ఆపైన జున్ను. తినేంతసేపూ వంటింటి తలుపు చాటునుంచి, “చిన్నల్లుడుగారికి ఇంకొంచెం వెయ్యవే,” అని వినపడుతూనే ఉంది. మా వదిన, “మరిదిగారూ, అమ్మ ఇంకొంచెం వెయ్యమంటోంది,” అని మళ్ళీ చెబుతూనే ఉంది. వద్దన్నా వదిన అమ్మకి చెప్పాలి. ఆలోపు పడిపోతుంది.

అయిదింటికి పాఠం మొదలుపెట్టాను. హాల్లో కుర్చీలో నేను, దివాన్ మీద అన్నయ్యగారు. వంటింటి తలుపు వెనకాల పీట మీద అత్తగారు, గడప మీద అటూ ఇటూ కాకుండా వదిన. నేను ఇరవై నిమిషాలు థేలీస్ గురించి నా శక్తికొద్దీ చెప్పాను. నీళ్ళు గడ్డకడతాయి, ఆవిరవుతాయి, ప్రతి విత్తనంలోనూ తడి ఉంటుంది, కాబట్టి అన్నిటికీ మూలం నీళ్ళే అన్నాడని, భూమి కూడా నీళ్ళమీద తేలే దుంగలాంటిదన్నాడని, చుక్కలు చూస్తూ నడిచి ఒకసారి బావిలో పడ్డాడని కూడా కథ ఉందని చెప్పాను. ఆగాను. వదిన తలుపు వైపు తిరిగింది.

“అమ్మా, ఆయనెవరో బావిలో పడ్డాట్ట. అప్పట్నుంచీ ఏం చూసినా నీళ్ళే కనపడుతున్నాయిట.”

ఇరవై నిమిషాల పాఠం ఇదయింది. “అది కాదు వదినా,” అంటుంటే లోపల్నుంచి గొంతు వచ్చింది.

“ఏ నీళ్ళో అడుగు. మంచినీళ్ళా, ఉప్పునీళ్ళా?”

ముప్పై నాలుగేళ్ళలో ఏ విద్యార్థీ ఈ ప్రశ్న వెయ్యలేదు. నాకు జవాబు తెలియదు, థేలీస్ చెప్పలేదు. ఆ మాటే చెప్పాను. వదిన, “తెలీదట,” అంది. అన్నయ్యగారు దివాన్ మీద ఒక పక్కకి ఒరిగి నవ్వాడు.

పరువు నిలబెట్టుకుందామని థేలీస్ నూనె గానుగల కథ ఎత్తుకున్నాను. తత్వం తిండి పెట్టదని జనం వెక్కిరిస్తే, ఆలివు కాయలు బాగా కాసే ఏడు ముందే పసిగట్టి, చలికాలంలోనే ఊళ్ళో గానుగలన్నీ తక్కువకి అద్దెకి పట్టేసి, కాయలొచ్చాక తను చెప్పిన రేటుకి ఇచ్చాడట. అన్నయ్యగారు నవ్వడం మానేసి లేచి కూర్చున్నాడు.

“గానుగలన్నీ ఒక్కడేనా? మిగతా మిల్లులవాళ్ళు ఊరుకున్నారా? అసోసియేషన్ లేదా?”

“అప్పట్లో లేదన్నయ్యగారూ.”

“అన్యాయం తమ్ముడూ! ఆడెవడో గాని మొనగాడు.”

రాత్రి భోజనాల దాకా ఆయన ఆ గానుగల సంగతే మాట్లాడాడు. అత్తగారికి అర్థమైందో లేదో మాత్రం ఎవరూ చెప్పలేదు.

గంపలగూడెం

రెండోరోజు పొద్దున్నే అన్నయ్యగారు నువ్వులు చూడ్డానికి గంపలగూడెం వెళుతూ, “రా తమ్ముడూ, ఊరు చూద్దువుగాని,” అని మోటారు సైకిలెక్కించాడు. రెండో పాఠం ఒకసారి చదువుకోవచ్చని అనాక్సిమాండర్ అధ్యాయం, తొమ్మిది కాగితాలు, చొక్కా లోపల పెట్టుకున్నాను. ఇది నేను చేసిన తప్పు. దారిలో కోతకోసిన పొలాలు, ఎర్రనేల, అక్కడక్కడా గుట్టలు. గంపలగూడెంలో మేం వెళ్ళిన రైతు ఇంటి అరుగు మీద అన్నయ్యగారు నన్ను పరిచయం చేశాడు.

“మా తమ్ముడండీ. ప్రపంచం దేన్లోంచి వచ్చిందో కనిపెట్టాడు. మూడు రకాలు తెచ్చాడు.”

నువ్వులు కొనేచోట మాట ఎలా ఉంటుందంటే, ముందు మచ్చు చూపించాలి. గుప్పెడు తీసి అరచేతిలో పోసి, ఊది, రెండు గింజలు నోట్లో వేసుకుని, అప్పుడు రేటు మాట్లాడతారు. ఆ రైతు కూడా అలవాటుగా నా వైపు అరచెయ్యి చాపి, “ఏదీ, మచ్చు?” అన్నాడు. మొదటి రకం నీళ్ళు గనక, చెంబులోవి కొంచెం ఆయన చేతిలో పోశాను. తాగి, “ఇది మా బోరుదేగదండీ,” అన్నాడు. రెండో రకానికి హద్దూ రంగూ రూపమూ ఏవీ ఉండవని చెప్పాను. “అట్టాంటి సరుకు మేం తీసుకోమండీ,” అన్నాడు మర్యాదగా.

తిరుగుదారిలో వేడిగాలి ఒకటి మా మీదుగా పోయింది. చొక్కా ఉబ్బింది, గుండీ ఊడింది, అనాక్సిమాండర్ తొమ్మిది కాగితాలూ దున్నిన చేలోకి ఎగిరిపోయాయి. గాలి గురించి చెప్పినవాడు అనాక్సిమెనీస్ అయితే, ఆ గాలి పగబట్టి పక్కాయన్ని ఎత్తుకుపోవడం నాకేం బాగాలేదు. నా మోకాళ్ళతో చేలో పరిగెత్తాను. దారినపోతున్న ఇద్దరు ఆడవాళ్ళు కూడా పరిగెత్తి ఎనిమిది ఏరిచ్చారు. తొమ్మిదోదాన్ని ఒక మేక అప్పటికే సగం తినేసింది. మిగతా సగం నేను చూస్తుండగానే తింది. అన్నయ్యగారు బండి మీంచి దిగకుండా, “మిల్లులో అయితే పొట్లమన్నా అయ్యేది,” అన్నాడు.

మళ్ళీ తిరువూరు, చేపల గొడవ

ఆ సాయంత్రం రెండో పాఠం. అనాక్సిమాండర్ థేలీస్‌కి శిష్యుడని, మూలం నీళ్ళు కాదు, అంతులేనిదేదో ఉంది, అందులోంచే వేడీ చల్లనా తడీ పొడీ విడిపోయి ప్రపంచమైంది అన్నాడని చెప్పాను. భూమి కింద ఆధారమేమీ లేదని, అన్ని వైపులా సమదూరంలో ఉంది కాబట్టి ఎటూ పడకుండా ఉందన్నాడని చెప్పాను. వదిన, “అది ఎటెళ్ళాలో తేల్చుకోలేక అక్కడే ఉండిపోయిందట,” అని చేరవేసింది. ఇది నేను చెప్పినదానికంటే బాగుంది. అత్తగారు, “పాపం,” అంది. నాకు ఉత్సాహం వచ్చింది. ఉత్సాహంలో పప్పులో కాలేశాను.

“అంతే కాదండీ, మొదటి మనుషులు చేపల్లాంటి జీవాల కడుపులో పెరిగి బయటికొచ్చారన్నాడు.”

లోపల స్టీలు గిన్నె కింద పడింది. వదిన ఆ మాట చేరవెయ్యలేదు, అక్కర్లేకపోయింది. ఉల్లిపాయ కూడా కార్తీకంలో గడప దాటనివ్వని ఇల్లది. పీట జరిగిన చప్పుడు, పెరటి తలుపు చప్పుడు, తరవాత బావి గిలక చప్పుడు. వదిన లోపలికెళ్ళి చూసొచ్చి, “అమ్మ స్నానం చేస్తోంది,” అంది.

“తమ్ముడూ, మనింట్లో కూర్చుని చేపల మాటెత్తుతావేంటి!” అన్నాడు అన్నయ్యగారు. జాలిగా అన్నాడు గాని, కాసేపాగి సాంబయ్యని పిలిచి, పొట్లాల అర సర్దించమన్నాడు.

రాత్రి భోజనానికి కూర్చున్నాను. దోసకాయ పప్పు, వంకాయ కూర, కొత్తావకాయ. తలుపు చాటునుంచి ఒక్క మాట లేదు. ఇంకొంచెం వెయ్యవే అనే గొంతు లేని భోజనం ఆ ఇంట్లో అదే మొదటిసారి. పుస్తకం పోతే పోయింది, పెద్దావిడ మనసు కష్టపెట్టానే అని నిజంగా బాధేసింది. అప్పుడు గుర్తొచ్చింది, మేక తిన్న కాగితంలో ఏముందో. కలిపిన ముద్ద కంచంలోనే వదిలి తలుపు వైపు చూస్తూ చెప్పాను.

“ఆయన చేపలు తినొద్దన్నాడని కూడా రాశారండీ. అవి మనకి తల్లీ తండ్రీ లాంటివి, ఎలా తింటాం అన్నాట్ట.”

లోపల గిన్నె మూత తీసిన చప్పుడు వినపడింది.

“నెయ్యి వెయ్యవే ఆయనకి,” అంది అత్తగారు.

రెడ్డిగూడెం, ఆఖరిరోజు

మూడోరోజు అత్తగారు మామిడికాయలకి బయల్దేరింది. ఏటా రెడ్డిగూడెం దగ్గర ఒక తోటకి తనే వెళ్ళి రసాలు ఏరుకుంటుంది. ఆవిడకి అల్లుడు తెచ్చిన కాయల మీద నమ్మకం లేదు. కారులో ముందు అన్నయ్యగారూ నేనూ, వెనక వదినా అత్తగారూ. నా కట్ట డాష్‌బోర్డు మీద పెట్టించాడు అన్నయ్యగారు. సాయంత్రానికల్లా అది ఎవరిదో తేలిపోవాలి కదా.

తోట నిండా కాయలు. ఒక షెడ్డులో గడ్డి పరిచి, కాయలు పేర్చి, మళ్ళీ గడ్డి వేసి, గంపల్లో అదిమి మాగబెడుతున్నారు. వాసనకి ఆకలి వేస్తుంది. చిన్న రసాలు అక్కడికక్కడ జుర్రుకోమని ఇచ్చారు. నాలుగు తిన్నాను, అయిదోది చొక్కా తిన్నది. అన్నయ్యగారు తోట గుత్తకి తీసుకున్నాయనతో బేరంలో పడ్డాడు. వదిన మంచి కాయలకోసం తోట చివరికంటా వెళ్ళింది. షెడ్డు నీడలో కాయల కుప్పకి ఇవతల గోనె మీద నేను, అవతల పీట మీద అత్తగారు మిగిలాం. మధ్యన తలుపు లేదు, మాట మోసే మనిషి లేదు.

మూడో పాఠం అప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ లేదు. నేను మామిడికాయల కుప్పకి చెప్పడం మొదలుపెట్టాను.

అనాక్సిమెనీస్ అనాక్సిమాండర్ శిష్యుడని, ఆయన మూలం గాలి అన్నాడని, గాలి పలచబడితే వేడెక్కి నిప్పవుతుందని, దగ్గర దగ్గరగా నొక్కుకుంటే చల్లబడి మబ్బు, నీళ్ళు, మన్ను, రాయి అవుతుందని అన్నాడని కుప్పకి వివరించాను. “దీనికి రుజువు కూడా చూపించాడు. నోరు బాగా తెరిచి అరచేతి మీద ఊపిరి వదిలితే వెచ్చగా ఉంటుంది. పెదాలు బిగించి ఊదితే చల్లగా ఉంటుంది,” అన్నాను.

కుప్ప అవతలనుంచి “హా” అని వినపడింది. కాసేపాగి “ఫూ” అని వినపడింది. మళ్ళీ “హా.” మళ్ళీ “ఫూ.”

“అదేంటండీ,” అంది ఒక గొంతు.

వదిన వచ్చిందేమోనని చుట్టూ చూశాను. వదిన తోట చివర నిచ్చెన పట్టుకుని నిలబడి ఉంది.

“పెద్దాయన నీళ్ళన్నాడు. ఆయన శిష్యుడు కాదన్నాడు. ఆ శిష్యుడి శిష్యుడు మళ్ళీ ఆయన్ని కాదన్నాడు. గురువులు ఊరుకున్నారా?”

ముప్పై ఎనిమిదేళ్ళలో మొదటి మాట. ఎలాగో తేరుకుని చెప్పాను.

“తరిమేసినట్టు ఎవరూ రాయలేదండీ. కాదనేవాణ్ణి పక్కనే కూర్చోబెట్టుకున్నారు. ఆ ఊళ్ళో కొత్తగా పుట్టింది నీళ్ళూ గాలీ కాదు అత్తయ్యగారూ, అదే.”

“ముప్పై నాలుగేళ్ళూ మీరు పిల్లలకి చెప్పింది ఇదేనా? గురువు చెప్పినా కాదనొచ్చని?”

“ఇదేనండీ.”

“మరి మీ పిల్లలెవరన్నా మిమ్మల్ని కాదన్నారా?”

నేను ఆలోచించాను. ముప్పై నాలుగు బ్యాచీలు కళ్ళముందు కదిలాయి. గురువుని కాదనడం గురించి నేను గొంతు చించుకుని చెబుతుంటే, తలెత్తకుండా...

“లేదండీ,” అన్నాను. “అందరూ నోట్సు రాసుకున్నారు.”

“అయ్యో,” అంది అత్తగారు.

ఆ ఒక్క మాటకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడకి కనపడకుండా కళ్ళు తుడుచుకున్నాను, మొహానికి మామిడిరసం అంటుకుంది.

“అయితే నేనంటాను,” అంది ఆవిడ. “మీవాడు తప్పు. నొక్కుకుంటే చల్లబడుతుందన్నాడా? ఆ గంపలో చెయ్యి పెట్టండి.”

పెట్టాను. అదిమి అదిమి కుక్కిన గడ్డిలో, కాయల మధ్య, మోచేతి దాకా. లోపల ఉడుకుతోంది. చెయ్యి లాక్కున్నాను.

“ఎంత దగ్గర దగ్గరగా నొక్కితే అంత వేడి. లేకపోతే కాయ మాగదు,” అంది అత్తగారు. “ఆయనెప్పుడూ కాయలు మాగబెట్టి ఉండడు.”

మామిడికాయ వేడీ ఊపిరి వేడీ ఒకటేనా అని నేను వాదించబోయాను. ఆవిడ ఒప్పుకోలేదు. నేను ఇంకో మాటన్నాను, ఆవిడ ఇంకో గంప చూపించింది. వదిన కాయలతో తిరిగొచ్చేసరికి ఇద్దరం కుప్పకి ఒకే వైపున కూర్చుని గొంతులు పెంచి పోట్లాడుకుంటున్నాం. వదిన చేతిలో సంచీ జారి, రసాలు దొర్లుకుంటూ వెళ్ళిపోయాయి. నా జన్మలో అంత సంతోషంగా పాఠం చెప్పలేదు.

తిరుగుప్రయాణంలో అన్నయ్యగారికి సంగతంతా వదిన చెప్పింది. ఆయన స్టీరింగు తిప్పుతూ జాగ్రత్తగా విని, తీర్పు చెప్పాడు.

“అంటే అత్తయ్యగారు ‘తప్పు’ అన్నారు. ‘అర్థమైంది’ అన్లేదు. పందెం అర్థమైందనడం మీద. కాబట్టి కాయితాలు నావి తమ్ముడూ.”

మాట ప్రకారం ఆయన చెప్పింది నిజమే. డాష్‌బోర్డు మీది కట్ట వైపు చూస్తూ కూర్చున్నాను. వదిన వెనక్కి వాలి, అలవాటు ప్రకారం అడిగింది.

“అమ్మా, ఆయనకేమన్నా చెప్పమంటావా?”

“నువ్వుండవే,” అంది అత్తగారు. ముందు సీటు మీద చెయ్యి వేసి, తల ముందుకి చాపింది. “పెద్దల్లుడుగారూ, ఆ కాయితాలు ముట్టుకోకండి. అందులో ఇంకా ఎన్ని తప్పులున్నాయో నేను చూడాలి.”

అన్నయ్యగారు బ్రేకు తొక్కాడు. గంప ఒరిగి కాయలు మా అందరి కాళ్ళ మీదికీ వచ్చాయి. వెనకాల లారీ హారన్ కొడుతోంది. ఆయన బండి పక్కకి కూడా తియ్యకుండా, రెండు చేతులూ స్టీరింగు మీదనుంచి తీసి, వెనక్కి తిరిగాడు.

“అలాగేనండీ అత్తయ్యగారూ,” అన్నాడు.